గూడు ఒకటే, రుతువులు వేరు: మాంటేరో పెట్రెల్‌ను వేరే జాతి అనొచ్చా?

ఉప్పుగాలి:

కొన్నాళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. అట్లాంటిక్ మధ్యలో అజోర్స్ దీవులున్నాయి కదా, అక్కడ గ్రాసియోజా దీవి పక్కన ప్రాయా, బైషో అని రెండు చిన్న లంకలు ఉన్నాయి. వాటి మీద బ్యాండ్-రంప్డ్ స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న సముద్రపక్షి గూడు పెడుతుంది. ఒళ్ళంతా మసి రంగు, తోక మొదట్లో తెల్ల పట్టీ. అక్కడి బొరియల్లో వేసవిలో ఒక గుంపు పిల్లల్ని పెంచి వెళ్ళిపోతుంది. చలికాలం మొదలయ్యేసరికి అవే బొరియల్లోకి ఇంకో గుంపు దిగుతుంది. ఈ వేసవి గుంపును 2008లో మాంటేరో స్టార్మ్ పెట్రెల్ అనే కొత్త జాతిగా ప్రకటించారు.

రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. వేసవి పక్షి కాస్త చిన్నది, తోక చీలిక కాస్త లోతు. ఇంతకు మించి నాకేమీ కనిపించలేదు. ఒకే జాతి పక్షుల మధ్య కూడా ఇంతపాటి తేడా ఉంటుంది. గుడ్లు పెట్టే నెల మారినంత మాత్రాన కొత్త జాతి అయిపోతుందా? అలాగైతే సముద్రపక్షుల్లో జాతుల సంఖ్యకు అంతు ఉండదు. ఈ విషయం మీద పని చేసినవాళ్ళు, చదివినవాళ్ళు చెప్పండి.

బొరియకాపలా:

ఉప్పుగాలి గారూ, ఫొటోల దగ్గర మొదలుపెడితే ఈ చర్చ ముందుకు సాగదండీ. ఈ స్టార్మ్ పెట్రెల్స్ కాలనీకి వచ్చేది చీకటి పడ్డాకే. ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాటికి ముఖ్యమైనవి అరుపు, వాసన. మన కళ్ళకు ఒకేలా ఉన్నాయా లేదా అన్నది వాటి బతుకులో లెక్కలోకే రాదు.

కథ కాస్త వెనక నుంచి చెప్తాను. అజోర్స్‌లో సముద్రపక్షుల మీద పనిచేసిన లూయిస్ మాంటేరో, రాబర్ట్ ఫర్నెస్‌తో కలిసి 1998లో ఒక పేపర్ రాశారు. ఒకేచోట గూళ్ళు పెట్టే ఈ రెండు గుంపులు కాలం వల్ల విడిపోయి రెండు జాతులుగా మారాయేమో అన్నది వారి వాదన. మాంటేరో 1999 డిసెంబర్‌లో విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆ పని ఆగలేదు. మార్క్ బోల్టన్, మిగతావాళ్ళు దాన్ని ముందుకు తీసుకెళ్ళి, 2008లో ఆ పక్షికి ఆయన పేరే పెట్టారు. ఆ పేరు వెనక ఏళ్ళ తరబడి రాత్రిపూట రాళ్ళ మధ్య చేసిన పని ఉంది.

ఇక ఆధారాల సంగతి. ఒకటి, గుర్తు కోసం కాలికి రింగులు వేసిన పెద్ద పక్షులు ఏ కాలానికి ఆ కాలమే తిరిగొస్తాయి. రెండు, ఈకలు మార్చుకునే కాలం కూడా వేరు, ఎందుకంటే పెట్రెల్స్ సాధారణంగా పిల్లల పెంపకం అయ్యాకే రెక్క ఈకలు మార్చుకుంటాయి. మూడు, అరుపులు. రికార్డు చేసిన అరుపులను బొరియల దగ్గర వినిపించి చూశారు. వేసవి పక్షులు తమ గుంపు అరుపుకు బదులిచ్చినట్టు మిగతా గుంపుల అరుపులకు బదులివ్వలేదు. నాలుగు, డీఎన్‌ఏ. విక్కీ ఫ్రీసెన్ బృందం 2007లో చూపించింది ఇదే: అజోర్స్‌లోని ఈ రెండు గుంపుల మధ్య జన్యువుల రాకపోకలు దాదాపు లేవు. మధ్యలో కొండ లేదు, సముద్రం లేదు. అడ్డుగా ఉన్నది కాలం ఒక్కటే.

ఒకే బొరియలో ఉంటూ ఒకదానితో ఒకటి జత కట్టని పక్షులను ఒకే జాతి అనడానికి నాకైతే కారణం కనిపించట్లేదు.

తీరంవెంట:

నేను ఈ విషయానికి కొత్త. ఒక సందేహం. పడవ మీద వెళ్ళేవాళ్ళకు ఇవి నీళ్ళ మీద తేలిగ్గా ఎగురుతూ క్షణం కనిపించి మాయమవుతాయి. అరుపు వినపడదు, డీఎన్‌ఏ ఉండదు. అప్పుడు నోట్‌బుక్‌లో ఏం రాసుకోవాలి?

ఉప్పుగాలి:

తీరంవెంట అడిగింది చిన్న ప్రశ్న కాదు. పట్టుకుని రక్తం తీస్తే తప్ప తెలియని జాతి ఎవరికి ఉపయోగం?

బొరియకాపలా గారూ, మీరు చెప్పిన ఫ్రీసెన్ పేపర్ నేనూ చదివాను. ఇలా కాలాన్ని బట్టి రెండు గుంపులుగా విడిపోవడం ఒక్క అజోర్స్‌లోనే జరగలేదని అందులోనే ఉంది. పసిఫిక్‌లోని గలాపగోస్‌లో ఉంది, ఇతర అట్లాంటిక్ దీవుల్లో ఉంది. విడివిడిగా, ఒకసారి కాదు చాలాసార్లు జరిగింది. కానీ అన్నిచోట్లా జన్యువుల తేడా ఒకే లోతులో లేదు. అంటే అన్నిచోట్లా రెండేసి జాతులు రాసుకోవాలా? లేక అజోర్స్‌లో ఒక న్యాయం, గలాపగోస్‌లో ఒక న్యాయమా?

గల్స్‌లోకం:

పెట్రెల్స్ గురించి నాకు తెలిసింది తక్కువ. గల్స్ (సీగల్ పక్షులు) వైపు నుంచి ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి.

థేయర్స్ గల్ సంగతి చూడండి. నీల్ స్మిత్ అనే శాస్త్రవేత్త కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో పనిచేసి 1966లో ఒక పెద్ద నివేదిక ప్రచురించారు. ఈ గల్స్ కంటి చుట్టూ ఉండే వలయం రంగు చూసి జత ఎంచుకుంటాయని, తాను ఆ వలయానికి రంగు పూసి మార్చితే జత కట్టడం కూడా మారిందని రాశారు. పుస్తకాలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి. 1973లో అమెరికన్ పక్షిశాస్త్రవేత్తల సంఘం థేయర్స్‌ను హెర్రింగ్ గల్ నుంచి విడదీసి వేరే జాతి చేసింది. తర్వాత రిచర్డ్ స్నెల్ అదే ప్రాంతంలో పనిచేసి, ఆ ఫలితాలను నమ్మడం కష్టమని వాదించారు. చివరికి 2017లో థేయర్స్‌ను ఐస్‌లాండ్ గల్‌లో ఉపజాతిగా కలిపేశారు. 44 ఏళ్ళ పాటు జాబితాలో ఉన్న ఒక జాతి అలా తొలగిపోయింది.

వలయ జాతి కథ కూడా అంతే. ఉత్తర ధ్రువం చుట్టూ గల్స్ గొలుసుకట్టుగా ఒకదానితో ఒకటి జత కడుతూ వెళ్ళి, గొలుసు రెండు కొసలూ యూరప్‌లో కలిసేచోట మాత్రం రెండు జాతుల్లా ప్రవర్తిస్తాయని ఎర్నెస్ట్ మేయర్ 1942లో రాశారు. వినడానికి ఎంత బాగుందో! 2004లో లీబర్స్, డి క్నైఫ్, హెల్బిగ్ డీఎన్‌ఏ తీసి చూస్తే వలయం అలా మూసుకోలేదని తేలింది. ఆ గుంపులోని జాతుల గురించి ఇప్పటికీ తగువే. 2024లో అదే అమెరికన్ సంఘం హెర్రింగ్ గల్‌ను మళ్ళీ విడగొట్టింది.

ఒక్క ఆధారం మీద, అదీ ఒక్కరి పని మీద, జాతిని నిలబెట్టొద్దన్నదే నా మాట. మాంటేరో విషయంలో నాలుగు ఆధారాలు ఒకే వైపు చూపిస్తున్నాయంటే నాకు అభ్యంతరం లేదు.

లెక్కలపక్షి:

జన్యువుల శాతాల గురించి ఎవరో ఒకరు తెస్తారని చూస్తున్నాను, ఎవరూ తేలేదు కాబట్టి నేనే తెస్తాను. ఈ విషయంలో అసలు పోరు జరిగింది ఆల్బట్రాస్‌ల మీద.

1998 దాకా ఆల్బట్రాస్‌లు 14 జాతులు అనుకునేవాళ్ళు. ఆ ఏడాది రాబర్ట్‌సన్, నన్ కలిసి 24 చేద్దామన్నారు. ఒక్కసారిగా పది పెరిగాయి! చాలామందికి మింగుడుపడలేదు. 2004లో పెన్‌హాలురిక్, వింక్ ఒక మైటోకాండ్రియా జన్యువు తేడా శాతాలను లెక్కగట్టి, ఇంత తక్కువ తేడాలకు జాతి హోదా ఇవ్వకూడదని రాశారు. మరుసటి ఏడాదే రైండ్ట్, ఆస్టిన్ దానికి జవాబిచ్చారు. వారి జవాబు నాకు సబబుగా అనిపించింది: ఫలానా శాతం దాటితే జాతి, దాటకపోతే ఉపజాతి అని ఒక గీత గీయడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదు. ఈ జన్యువు మారే వేగం అన్ని పక్షుల్లో ఒకేలా ఉండదు. పైగా కొత్తగా విడిపోయిన జాతుల్లో తేడా తక్కువగానే ఉంటుంది. తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన అవి కలిసిపోతున్నాయని అర్థం కాదు.

ఇప్పుడు ఆల్బట్రాస్‌లు, పెట్రెల్స్ పరిరక్షణ ఒప్పందం 22 ఆల్బట్రాస్ జాతులను గుర్తిస్తోంది. అంటే 24 నిలబడలేదు, 14 దగ్గరకు వెనక్కీ పోలేదు.

ఇంకో పద్ధతి మార్కుల పద్ధతి. 2010లో టోబియాస్, మరికొందరు ప్రతిపాదించారు. రంగు, కొలతలు, అరుపు, ప్రవర్తన, వీటిలో ఒక్కో తేడాకు 1 నుంచి 4 దాకా మార్కులు వేసి, మొత్తం 7 వస్తే జాతి. పక్షుల పరిరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ దీన్ని పెద్ద ఎత్తున వాడింది. అందరికీ ఒకే కొలబద్ద కాబట్టి దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ మసి రంగు స్టార్మ్ పెట్రెల్స్‌కు రంగులో మార్కులు రావు, కొలతల్లో అరకొరగా వస్తాయి. కంటికి తెలిసే తేడాలున్న పక్షులకు ఆ పద్ధతి బాగా సరిపోతుంది. చీకట్లో బతికే పక్షికి అన్యాయం చేస్తుంది.

బొరియకాపలా:

లెక్కలపక్షి గారు చెప్పిన చివరి మాట దగ్గరే నేనూ ఉన్నాను. కంటితో జత ఎంచుకునే పక్షిలో రంగు తేడా చిన్నదైనా పెద్ద విషయమే. దానికి మంచి ఉదాహరణ నాజ్కా బూబీ. మాస్క్‌డ్ బూబీకి ముక్కు పసుపు, నాజ్కా బూబీకి నారింజ. రెండూ ఉన్న దీవుల్లో కూడా దేని జత దానిదే అని పిట్‌మన్, జేల్ 1998లో చూపించారు. 2000లో వేరే జాతిగా ఒప్పుకున్నారు. అక్కడ ముక్కు రంగు చేసే పనిని ఇక్కడ అరుపు, కాలం చేస్తున్నాయి.

ఉప్పుగాలి గారూ, గలాపగోస్‌లో ఇంకో న్యాయమా అని అడిగారు. అవును, ఇంకో న్యాయమే! ఎందుకంటే అక్కడ రెండు గుంపుల మధ్య రాకపోకలు ఇంకా పూర్తిగా తెగలేదు. ఒక నది రెండు పాయలుగా చీలేచోట నిలబడి చూస్తే కొంతదూరం నీళ్ళు ఇటూ అటూ కలుస్తూనే ఉంటాయి. అజోర్స్‌లో పాయలు విడిపోయి చాలా దూరం వచ్చేశాయి. గలాపగోస్‌లో ఇంకా చీలిక దగ్గరే ఉన్నాయి. ఒక్కోచోట ఒక్కో దశలో ఉంటే ఒకే తీర్పు ఎలా ఇస్తాం?

ద్వీపాలపటం:

పాయలు మళ్ళీ కలిసే చోటు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

మారిషస్ ఉత్తరాన రౌండ్ ఐలాండ్ అని చిన్న దీవి. అక్కడ గూడు పెట్టే పెట్రెల్స్ ఏ జాతివో తేల్చడానికి పరిశోధకులు దశాబ్దాలు తలలు పట్టుకున్నారు. తీరా చూస్తే అక్కడ మూడు జాతులున్నాయి: బ్రెజిల్‌కు దూరంగా అట్లాంటిక్‌లో ఉండే ట్రిండాడే పెట్రెల్, పసిఫిక్‌లో ఉండే కెర్మడెక్ పెట్రెల్, హెరాల్డ్ పెట్రెల్. ఇవన్నీ హిందూ మహాసముద్రంలోని ఆ ఒక్క దీవిలో చేరి ఒకదానితో ఒకటి జత కట్టి పిల్లల్ని కంటున్నాయి. వేరే సముద్రాల్లో ఉన్నంతకాలం వేర్వేరు జాతులే అని అందరూ ఒప్పుకున్న పక్షులు ఇవి.

సాల్విన్స్ ప్రయాన్ అనే సముద్రపక్షి కథ ఇంకా చిక్కు. అది బ్రాడ్-బిల్డ్ ప్రయాన్, అంటార్కిటిక్ ప్రయాన్ సంకరం వల్ల పుట్టిన జాతి అని 2019లో మాసెల్లో బృందం రాసింది. కలవడం వల్ల జాతులు చెరిగిపోతాయనే అనుకుంటాం. అక్కడ కలవడం వల్లే ఒక జాతి పుట్టింది.

కాబట్టి, ఉప్పుగాలి గారి అనుమానం నాకు అర్థమవుతుంది. 'ఇవి జత కట్టవు' అన్న ఒక్క నియమాన్ని పట్టుకుంటే రౌండ్ ఐలాండ్ దగ్గర దొరికిపోతాం. కానీ ఒక్క దీవిలో కలిశాయని, రెండు మహాసముద్రాల్లో విడిగా బతికిన పక్షులను ఒకటి చేసేయడం కూడా న్యాయం కాదు.

ఉప్పుగాలి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అజోర్స్ విషయంలో నా అభ్యంతరం చాలావరకు తగ్గింది. కానీ అసలు నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉంది, అది కూడా బయటపెడతాను.

పరిరక్షణ కోసం జాతులను పెంచుతున్నారని నా అనుమానం. ఉపజాతి అంటే నిధులు రావు, జాతి అంటే వస్తాయి. అంతరించిపోతున్న జాతుల ఎర్ర జాబితా పక్షులను జాతి స్థాయిలోనే లెక్కిస్తుంది. దాంతో, కాపాడాలన్న మంచి ఉద్దేశమే శాస్త్రాన్ని ఒకవైపు లాగుతుంది. కాపాడటానికి జాతి ముద్రే అక్కర్లేదు. అమెరికా చట్టంలో ఒక జాతిలోని విడి జనాభాను కూడా రక్షించే వీలుంది. హవాయిలోని బ్యాండ్-రంప్డ్ స్టార్మ్ పెట్రెల్స్‌ను 2016లో అలాగే ప్రమాదంలో ఉన్న జనాభాగా ప్రకటించారు. మనం మాట్లాడుతున్న పక్షే! కొత్త జాతి అని పేరు పెట్టకుండానే రక్షణ ఇచ్చారు. మిగతా ప్రపంచం ఆ దారిలో ఎందుకు నడవకూడదు?

కొండగూడు:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఈ మాట చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

జినోస్ పెట్రెల్ చరిత్ర చదవండి. అట్లాంటిక్‌లోని మడీరా దీవి మధ్యలో ఎత్తైన కొండ కొమ్ముల మీద మాత్రమే గూడు పెట్టే పక్షి. ఎక్కువకాలం దాన్ని దక్షిణ సముద్రాల్లోని సాఫ్ట్-ప్లూమ్డ్ పెట్రెల్‌కు ఉపజాతిగా రాసేవాళ్ళు. ఆ పేరు కింద లెక్కేస్తే పక్షులకు కొదవే లేదు, కాబట్టి బెంగ లేదు. మడీరాలో మాత్రం అది ఉందో లేదో కూడా తెలియని పరిస్థితి. 1969లో అలెక్ జినో పక్క దీవిలోని పెట్రెల్ అరుపు రికార్డింగ్‌ను ఒక గొర్రెల కాపరికి వినిపిస్తే, ఆయన ఆ అరుపు తాను కొండల్లో వింటానని చెప్పాడట. అలా మళ్ళీ దొరికింది. 1983లో బోర్న్ ఈ గుంపును మూడు జాతులుగా విడదీయాలని రాశారు. విడదీశాక గానీ దాని అసలు పరిస్థితి లోకానికి తెలియలేదు. వంద జంటలు కూడా లేవు. పిల్లులు, ఎలుకలు. 2010 ఆగస్టులో కొండ తగలబడి ఆ ఏటి పిల్లల్లో చాలావరకు చనిపోయాయి.

అక్కడికి దగ్గర్లోనే బూజియో దీవిలో దీని దగ్గరి చుట్టం డెజెర్టాస్ పెట్రెల్ ఉంది. చూడటానికి ఒకేలా, జినోస్ ముక్కు కొంచెం సన్నం. జినోస్ మే, జూన్ నెలల్లో గుడ్డు పెడితే అది జూలై చివర్లో పెడుతుంది. మధ్య దూరం పెట్రెల్‌కు ఒక లెక్కే కాదు. అయినా డెజెర్టాస్ పెట్రెల్ మడీరాకు వచ్చి గూడు పెట్టదు. మడీరాలోది పోతే బూజియో నుంచి వచ్చి నింపదు. మనం ముద్ర వేసినా వేయకపోయినా ఇది నిజం.

నిధుల కోసం జాతులు పెంచుతున్నారని అనడం తేలిక. తప్పుడు ముద్ర వల్ల ఒక పక్షి ఎవరికీ తెలియకుండా పోయే ప్రమాదం గురించి ఎందుకు మాట్లాడరు?

లెక్కలపక్షి:

కొండగూడు గారి ఆవేశం నాకు అర్థమైంది, ఆ ఉదాహరణ బలమైనదే. ట్రిస్టాన్ ఆల్బట్రాస్‌ను కూడా అక్కడే పెట్టాలి. వాండరింగ్ ఆల్బట్రాస్ కింద ఉన్నంతకాలం దాని లెక్క పెద్ద లెక్కలో కలిసిపోయింది. విడదీశాక చూస్తే దాదాపు మొత్తం గఫ్ దీవి మీదే గూడు పెడుతుంది. అక్కడ మనుషులతో చేరిన ఇంటి ఎలుకలు గూట్లో కదలకుండా కూర్చున్న పిల్లలను బతికుండగానే కొరికి చంపుతున్నాయి. 2021లో ఆ ఎలుకలను పూర్తిగా తొలగించే ప్రయత్నం జరిగింది, ఆ ఏడాది చివర్లోనే మళ్ళీ ఎలుక కనిపించింది.

అయినా ఉప్పుగాలి గారి ప్రశ్నను కొట్టిపారేయలేం. రక్షణ కావాలి కాబట్టి జాతి అనడం, జాతి కాబట్టి రక్షణ కావాలి అనడం, ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటిది చేస్తే రేపు ఎవరో ఒకరు జన్యువులు చూపించి కలిపేస్తారు, దాంతోపాటు రక్షణ కూడా పోతుంది. జినోస్ నిలబడింది కొలతలు, అరుపులు, గుడ్డు పెట్టే కాలం, జన్యువులు కలిసి ఒకే మాట చెప్పబట్టే. హవాయి పద్ధతి మిగతా దేశాలకూ ఉంటే బాగుంటుందన్నది నిజం. ఆ పద్ధతి లేనిచోట మాత్రం జాతుల జాబితానే పక్షికి దిక్కు.

గల్స్‌లోకం:

ఇంకో కోణం. గుర్తుపట్టలేని జాతి ఎవరికి ఉపయోగం అని పైన అడిగారు కదా. టాస్మేనియా దగ్గర గూడు పెట్టే షై ఆల్బట్రాస్, న్యూజిలాండ్ ఆక్లండ్ దీవుల్లో గూడు పెట్టే వైట్-క్యాప్డ్ ఆల్బట్రాస్, ఈ రెండింటినీ సముద్రంలో వేరుచేయడం దాదాపు అసాధ్యం. చేపల పడవల గాలాలకు చిక్కి చనిపోయిన పక్షులకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే గానీ ఏ కాలనీ నష్టపోతోందో తెలియలేదు. ఆ తేడా పడవ మీద ఉన్న మనకు అందదు. కాలనీని కాపాడేవాళ్ళకు చాలా అవసరం.

మ్యూజియం సొరుగుల్లోనూ అంతే. 1963లో మిడ్‌వే దీవిలో దొరికిన ఒక షియర్‌వాటర్ నమూనా లిటిల్ షియర్‌వాటర్ అనే చీటీతో పడి ఉంది. 2011లో దాన్ని బ్రయాన్స్ షియర్‌వాటర్ అనే కొత్త జాతిగా ప్రకటించారు. మరుసటి ఏడాదే జపాన్ ఒగసవారా దీవుల్లో ఆ జాతి బతికే ఉందని డీఎన్‌ఏతో నిర్ధారించారు.

ఉప్పుగాలి:

కొండగూడు గారూ, జినోస్ విషయంలో మీతో నాకు పేచీ లేదు. మాంటేరో విషయంలో కూడా, ఇక్కడ వచ్చిన ఆధారాల వల్ల, వేరే జాతి అనడం సబబే అని ఒప్పుకుంటున్నాను. అజోర్స్‌లో చలికాలంలో గూడు పెట్టే గుంపును గ్రాంట్స్ అని పిలుస్తూ ఇంకా శాస్త్రీయ నామం లేకుండా ఉంచారు. అది నాకు నచ్చింది. తొందరపడలేదు. మెక్సికో గ్వాడలూప్ దీవిలో వేసవికీ చలికాలానికీ విడిపోయిన టౌన్‌సెండ్స్, ఐన్లీస్ స్టార్మ్ పెట్రెల్స్‌ను 2016లో లీచ్స్ స్టార్మ్ పెట్రెల్ నుంచి విడదీశారు. అక్కడ కూడా ఇన్ని కోణాల ఆధారాలు ఉన్నాయా అన్నది చదివి చూస్తాను. జెంటూ పెంగ్విన్‌ను నాలుగు జాతులు చేద్దామన్న 2020 ప్రతిపాదన మీద మాత్రం నా సందేహం సందేహంగానే ఉంది. దానికి వేరే చర్చ పెడతాను.

తీరంవెంట:

నా ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదండీ :)

బొరియకాపలా:

క్షమించండి, చర్చ ఎటో వెళ్ళిపోయింది.

అజోర్స్ చుట్టుపక్కల నీళ్ళలో అయితే రెక్కలు చూడండి. మాంటేరో వేసవిలో పిల్లల్ని పెంచుతూ ఉంటుంది, కాబట్టి ఆ నెలల్లో రెక్క ఈకలు మార్చుకోదు. చలికాలపు పక్షి అప్పటికి గూడు పని ముగించుకుని ఈకలు మార్చుకునే దశలో ఉంటుంది. జూన్, జూలైలో రెక్క మధ్యలో ఖాళీలు, కొత్త ఈకలు, పాత ఈకలు కలిసి కనిపిస్తే అది చలికాలపు గుంపు అయ్యే అవకాశం ఎక్కువ. దొరికితే రెక్కలు విప్పినప్పుడు ఫొటో తీయండి, తేదీ, చోటు తప్పకుండా రాయండి. కాలనీకి దూరంగా, నడి సముద్రంలో అయితే బ్యాండ్-రంప్డ్ గుంపు అని మాత్రం రాసి ఆపేయండి. ఫొటో, తేదీ ఉంటే తర్వాత ఎవరైనా ఆ పక్షి ఏదో తేల్చగలరు. ఊహించి జాతి పేరు రాస్తే ఆ వివరం ఎవరికీ పనికిరాదు.

లెక్కలపక్షి:

పైదానికి ఒక్క మాట కలుపుతాను. 2025 జూన్‌లో ఆవిలిస్ట్ వచ్చింది, అప్పటిదాకా వేర్వేరుగా ఉన్న ప్రపంచ పక్షుల జాబితాలను ఒకటి చేసే ప్రయత్నం అది. పాత నోట్స్ సరిచూసుకునేటప్పుడు ఏ జాబితా ప్రకారం ఆ పేరు రాశారో కూడా పక్కన రాసి పెట్టుకోండి. ఉప్పుగాలి గారూ, పెంగ్విన్ చర్చ మొదలుపెట్టాక ఇక్కడ లింక్ ఇవ్వండి.